చూసినందుకు డబ్బుల్లేవు

పిండిమర పెద్దాయన తమ్ముణ్ణి ఏరు మింగిన పెద్ద వరదకి పదకొండో ఏడు అది. ఆయన గదిలో ఇనప బీరువా ముందు తాళాలతను గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి తాళం కన్నంలోకి చూస్తున్నాడు.

"ముందే చెబుతున్నాను," అన్నాడు పెద్దాయన. "చూసి ఎంతవుతుందో చెప్పడం వరకే. చూసినందుకు డబ్బుల్లేవు."

"లేవండీ. మా కొట్టు బోర్డు మీద కూడా అదే రాయించాను. తాళంచెవి ఎలా పోయింది?"

"స్నానానికి వెళ్తూ తూము పక్క గూట్లో పెట్టాను. వచ్చేసరికి లేదు. తూములో పడి కొట్టుకుపోయి ఉంటుందంటుంది మా మరదలు."

మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడు పోయాక ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళడానికి చోటూ లేదు. ఈ ఇంట్లోనే వండుతుంది, మరలో పిండి జల్లిస్తుంది, వెనకగదిలో పడుకుంటుంది. బావగారితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు. తాళాలతన్ని పిలవమన్నది మాత్రం ఆవిడే. "చూసి చెప్పడానికి ఏమీ తీసుకోరట బావగారూ" అంది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషికి ఇంకేం కావాలి?

మర కాగితాలు బీరువాలో ఉన్నాయి. కొనేవాడు రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు. కాగితాలు చూపించకపోతే బేరం పోతుంది.

"రెండో చెవి లేదా?"

"మా తమ్ముడి దగ్గరుండేది. వాడితోపాటే ఏట్లో పోయింది."

"అయ్యో. ఇందులో డబ్బు కూడా పెడుతుంటారా?"

"పెట్టేవాణ్ణి. ఒకసారి పోయాక మానేశాను. నీకెందుకవన్నీ, ఎంతవుతుందో చెప్పు."

తాళాలతను సంచిలో చెయ్యి పెట్టి వంకర తీగముక్క ఒకటి తీశాడు.

"తీసి చూపించండి," అంది మరదలు.

పెద్దాయన వెనక్కి తిరిగేలోపు లోపల టక్కుమంది. బీరువా తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

"ఆరొందలండీ."

"దేనికి?"

"తెరిచినందుకు."

"చూసినందుకు డబ్బుల్లేవన్నావు."

"చూసినందుకు వద్దు. తెరిచినందుకే అడుగుతున్నాను."

"తెరవమని నేనన్నానా?"

"అమ్మగారన్నారు కదండీ."

"బీరువా ఆవిడదా? ఇల్లు ఆవిడదా?" పెద్దాయన గొంతు వీధిలోకి వెళ్ళింది.

"పోనీ మళ్ళీ మూసేసి వెళ్ళిపోమంటారా? మూసినందుకు మాత్రం డబ్బుల్లేవు."

పెద్దాయన గబుక్కున వెళ్ళి బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు.

ఎదురింటి మేష్టారు వచ్చాడు. వెనకే పక్కింటి మామ్మ. ఈ ఇంట్లో కేకలు వినబడితే ఆ ఇద్దరూ రాకుండా ఉండరు. ఇదివరకోసారి కూడా అలాగే వచ్చారు.

"ఏమిటయ్యా గొడవ?" అన్నాడు మేష్టారు.

"ఊరికే చూస్తానని వచ్చి ఆరొందలంటున్నాడు. పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు మేష్టారూ."

"గట్టి తాళమేమో?"

"దీని మొహం. ఇదీ ఒక తాళమేనా? తీగముక్క చాలు. దారినపోయే వాడెవడైనా తీస్తాడు."

తాళాలతనికి ఉక్రోషం వచ్చింది. "అంత తేలికైతే మీరే తీసుకోకపోయారా?"

"తెలీక పిలిచాను. తెలిస్తే నేనే తీసుకుందును. ఇందులో నీ పనితనమేముంది, నా బొంద?"

"మామ్మగారికి చెముడు బావగారూ," అంది మరదలు. ఎన్నడూ లేంది, గుమ్మం దాటి గది మధ్యకి వచ్చింది. "ఆవిడకి కూడా వినబడేలా చెప్పండి."

మరదలు తన పక్షాన మాట్లాడటం పెద్దాయనకి కొత్త. హుషారొచ్చింది. తాళం మీద బొటనవేలితో కొట్టి మరీ చెప్పాడు.

"ఈ బీరువా ఎవడైనా తీస్తాడు మామ్మా. దీనికి తాళంచెవితో పనే లేదు."

"ఇప్పుడు పాడైందా నాయనా?"

"ఇప్పుడేమిటి, కొన్నప్పట్నించీ ఇంతే. పేరుకి తాళం."

 మేష్టారు మరదలి కేసి చూసి, కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకోవడం మొదలెట్టాడు. ఎంతసేపు తుడిచినా అది తెమల్లేదు.

మరదలు వెనకగదిలోకి వెళ్ళి మడతలు పడిన నోట్లు తెచ్చింది. తాళాలతని చేతిలో లెక్కపెట్టి పెట్టింది.

"నీకేమైనా మతిపోయిందా? రెండొందలకి తెగ్గొట్టేవాణ్ణి," అన్నాడు పెద్దాయన.

"పరవాలేదు బావగారూ. నాకిది చవకే."

ఆ పూట ఆవిడ వడ్డించి, ఇంకేం కావాలని అడక్కుండా వెళ్ళిపోయింది. పెద్దాయన పోయిన ఆరొందల గురించే సణుగుతూ తిన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన లేచేసరికి పొయ్యి వెలగలేదు. వెనకగదిలో దండెం ఖాళీగా ఉంది. పెట్టె లేదు. బీరువా ముందు పీట వేసి ఉంది. దాని మీద, తూములో కొట్టుకుపోయిన తాళంచెవి.

తీసి తాళంలో పెట్టి తిప్పాడు. తిరిగింది. కాగితాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

వీధిలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. మేష్టారు ఈయన్ని చూసి, పలకరించకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

రెండో చెవి ఉన్నందుకు దొంగవి నువ్వేనని తమ్ముణ్ణి ఆ వరదలోకి గెంటిన గుమ్మంలోనే పెద్దాయన కూలబడ్డాడు.