గాలి అనే మాట

మూత తిప్పేముందు ముల్లు చూసుంటే చాలు కదా, అన్న తలపు నరేష్‌ను మళ్ళీ చుట్టుకుంది. ఒక్క చూపు. లోపలి ఒత్తిడిని చూపే ఆ ముల్లు అబద్ధమాడదు. అతను ముల్లును వదిలి, సుద్దముక్కతో రాసిన మాటను నమ్మాడు. మాటను నమ్మడం కూడా తప్పేనా?

తిరువళ్ళూరు ఆసుపత్రి మంచం మీద, కట్టు కట్టిన కుడిచేయి తనది కానట్టు పడి ఉంది.

తిరుత్తణి రోడ్డులో అతను పనిచేసే షెడ్డు. రంగుల్లో కలిపే థిన్నర్‌ను కొలిచి డ్రమ్ముల్లో నింపే మీటరుకు ముందు ఒక చిన్న తొట్టి ఉంటుంది. థిన్నర్‌లో కలిసిన గాలినీ ఆవిరినీ వేరుచేసి, గొట్టం గుండా కప్పు పైకి పంపుతుంది. ఆ రోజు గొట్టం పూడుకుపోయింది. తొట్టి మీద, షెడ్డులో అందరూ రాసినట్టే, తమిళ అక్షరాల్లో ‘గాలి’ అనే తెలుగు మాట రాసి ఉంది, లోపల గాలి ఉంది, ముట్టవద్దని. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అదే మాటను తమిళంగా ‘కాలి’ అని చదివితే ఖాళీ అని అర్థం. ఖాళీయే కదా అని నరేష్ మూత విప్పాడు. ఆవిరి బుస్సున ఎగదన్నింది. మోటారు దగ్గరి నిప్పురవ్వ దాన్ని అందుకుంది.

ఆరుముగం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డులో అందరికన్నా పెద్దవాడు, నాలుగు నెలల్లో రిటైరు.

“నొప్పి ఎట్లుండాది నాయనా?”

“పరవాల్లే మామా.”

“మీ అత్త కుప్పమ్మ తిడతా ఉండాది. బళ్ళో నేర్చింది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, రెండూ కలిపి ఒక పిల్లోడి చెయ్యి కాల్చినావు గదా ముసలోడా, అని.” నవ్వబోయి ఆగిపోయాడు. “నేనే రాసుంటా. ఈ నడుమ ఏదీ గ్యాపకం ఉండటం లే.”

నరేష్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. రాసిందెవరని మేనేజరు అడిగినప్పుడు తను అన్నాడు: “మామూలుగా రాసేది ఆరుముగం మామే సార్.” అందులో అబద్ధం లేదు. మూడు రోజులుగా ఆ మాటనే పట్టుకుని ఉన్నాడు.

ఆరుముగం జేబులోంచి ఒక కాగితం తీశాడు. “తప్పు నాదని ఇందులో రాసినారు. రేపట్నించి పనికి రావద్దంట. ముప్పై ఏండ్లు చేసినాను, ఇట్లా పంపిస్తారనుకోలే. సాచ్చిగా నువ్వు కూడా సంతకం పెట్టు, ఎడమచేత్తోనైనా.”

నరేష్ పెన్ను అందుకున్నాడు. ఆరుముగం పేరును అడ్డంగా కొట్టేసి, కింద వంకర అక్షరాలతో తన పేరు రాశాడు.

“ఏందిరా ఇది? చెయ్యి కాలింది చాలక, నా మింద జాలితో నింద గూడా మోస్తావా?”

“జాలి కాదు మామా.” నరేష్ మొదటిసారి అతని కళ్ళలోకి చూశాడు.

“పొద్దున తెలుగు మాటగా రాసిందీ, మధ్యాహ్నం అది మరిచి తమిళ మాటగా చదివిందీ నేనే.”