ఆకుపచ్చ వెలుగు

ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఒక అద్దె ఇంట్లో సహస్ర ఒక నల్ల తేలును పెంచుతోంది. పట్టకారు లేనిదే గాజుపెట్టెలో వేలు కూడా పెట్టదు. రోజూ పడుకోబోయే ముందు హాల్లో లైటు ఆర్పి, ఊదారంగు టార్చి వేస్తుంది. ఆ వెలుతురు పడితే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది.

ఇవాళ మూతకున్న ఒక క్లిప్పు ఊడి ఉంది. సాయంత్రం నీళ్లు మార్చాక నొక్కడం మరిచినట్టుంది. అయినా లోపల ఆకుపచ్చ వెలుగు కనబడగానే ఆమెకు ధీమా వచ్చింది.

"ఉందా అక్కా?" అదే ఇంట్లో ఉండే నర్సు డెబోరా సోఫా మీద కాళ్లు ముడుచుకుని అడిగింది.

"గ్రాండ్‌గా ఉంది. దిగు, నేను చూస్తున్నాగా."

సహస్ర గాజు మీద తట్టింది. తేలు కదల్లేదు. వంగి చూస్తే తల దగ్గర చీలిక, లోపలంతా డొల్ల. అది తేలు విడిచిన కుబుసం.

టార్చిని పెట్టె మూలలకీ, హాలు నేల మీదంతా తిప్పింది. ఇంకేమీ మెరవలేదు. మెరవదు కూడా. కుబుసం విడిచిన తేలు ఒళ్లు గట్టిపడేదాకా ఏ టార్చికీ దొరకదని సహస్రకు బాగా తెలుసు.

వెనక చీకట్లో డెబోరా చెప్పుల కోసం కాలితో తడుముతున్న చప్పుడు. ఒకటి దొరికినట్టుంది. రెండోదాని దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.