అచ్చం ఒరిజినల్

"ఆ పెడలు పీకద్దప్పా. ఉండనీ."

స్క్రూడ్రైవరు పట్టుకుని నేలమీద బోర్లా పడుకున్న అచ్యుత్ తలెత్తి చూశాడు.

గేటు అవతల ఒకాయన నిలబడి ఉన్నాడు. పొడుగు చేతుల చొక్కా. ఎడమచేతిలో పాల ప్యాకెట్లు, కుడిచెయ్యి ప్యాంటు జేబులో.

"మీరెవరండీ?"

"చెన్నరాయప్ప. పక్క సందులో మా కూతురింటికి వచ్చినా. అది పాతకాలం వీడియో గేము కదా?"

వీడియో గేమే. బీరువా అంత ఎత్తు చెక్క పెట్టె, అందులో టీవీ. రూపాయి బిళ్ళ వేస్తే రాకెట్టు ఎగురుతుంది. నగర్తపేటలో ఏనాడో మూతబడ్డ గేముల అంగడిది. ఆ అంగడాయన భార్య పార్వతమ్మ గోడౌన్‌లో చెదలు పట్టి పడి ఉంటే అచ్యుత్ కొని, యలహంకలో తన ఇంటికి తెచ్చి కారు నిలిపే చోట పెట్టుకున్నాడు.

దాన్ని దించిన రోజే అతని భార్య వనజ నవ్వింది.

"గిటారు అటకెక్కింది. చేపల తొట్టిలో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. ఇప్పుడు ఇదా? ఆరంభశూరుడివి!"

ఆ మాట బాగా గుచ్చుకుంది.

"ఇది పూర్తి చేసి చూపిస్తా. తయారైన రోజు ఎలా ఉండేదో అచ్చం అలాగే. మేకు కూడా తేడా రాదు."

అన్నాడంటే అన్నాడు. ఆఫీసు నుంచి రాగానే అదే పని, సెలవు దొరికితే అదే పని. పురుగు తిన్న చెక్క మార్చాడు. చచ్చిందని అందరూ చెప్పిన పిక్చర్ ట్యూబుకు ప్రాణం పోశాడు. వేళ్ళు కాల్చుకుంటూ సోల్డరింగ్ నేర్చుకున్నాడు. ప్రతిదానికీ అతనికి ప్రమాణం ఇంటర్నెట్‌లో దొరికిన విదేశీ ఫొటోలే.

ఆ ఫొటోల్లో ఎక్కడా అడుగున కాలితో నొక్కే పెడలు లేదు.

"ఇది ఒరిజినల్ కాదు అంకుల్. ఎవరో తర్వాత బిగించారు."

"ఎవరు బిగిస్తేనేమి? ఇంకా పనిచేస్తా ఉండాది కదా?"

"పనిచేస్తే చాలదు. ఒరిజినల్‌గా ఉండాలి."

"ఆడుకునేదానికే కదప్పా..."

అచ్యుత్ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పెడలు ఊడదీసి పక్కన పడేశాడు.



"అంకుల్, కాస్త ఇటువైపు పట్టుకుంటారా? పెట్టె నిలబెట్టాలి."

చెన్నరాయప్ప ఒకడుగు వెనక్కి వేశాడు. జేబులోంచి చెయ్యి తీయలేదు.

"పాలు విరిగిపోతాయప్పా," అంటూ వెళ్ళిపోయాడు.

సలహాలకైతే ముందుంటారు, అని అచ్యుత్ విసుక్కున్నాడు.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. పెడలు ఉన్నచోట కన్నానికి పుట్టీ పెట్టి, పైన కొత్త సన్మైకా అంటిస్తున్నాడు అచ్యుత్.

"దాన్ని మళ్ళీ పెట్టేదానికి అవదా?"

"అవదు అంకుల్."

చెన్నరాయప్ప కాసేపు ఆ నల్లటి సన్మైకా వైపు చూశాడు.

"ఆదివారం హిందూపురం పోతా ఉండా. పోయేలోపల నాకు ఒక్క ఆట ఇస్తావా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. అచ్యుత్ మెత్తబడ్డాడు.

"మొదటి ఆట మీదే."

ఆదివారం మధ్యాహ్నానికి పెట్టె మెరిసిపోతోంది. ఒకసారి చూసిపొమ్మని అచ్యుత్ పార్వతమ్మకు కబురు పెట్టాడు. ఆమె ఇంకా రాలేదు గానీ చెన్నరాయప్ప సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఎడమచేత్తో రూపాయి వేశాడు. ఆ చేత్తోనే రాకెట్టును తిప్పే కర్ర పట్టుకున్నాడు.

రాకెట్టు లేచింది. శత్రు విమానాల మధ్య నుంచి చేపపిల్లలా జారిపోయింది. కానీ ఒక్క గుండూ పేల్చలేదు.

"అంకుల్, బటన్! కుడివైపు బటన్ నొక్కండి!" అరిచాడు అచ్యుత్.

ఆయన నొక్కలేదు. ఊరికే కుడికాలు కదిలించాడు.

ఎంతసేపని తప్పించుకుంటుంది? రాకెట్టు పేలిపోయింది.

"బాగుండాదప్పా. కొత్తదాని మాదిరే ఉండాది," అన్నాడు చెన్నరాయప్ప. ఆ గొంతులో సంతోషం లేదు. సంచీ సర్దుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

"పాపం, ఆడటం రాదేమో," అంది వనజ.

"ఆడటం రానాయన నాకు పాఠం చెప్పాడు!" అచ్యుత్ పకపకా నవ్వాడు.

వనజ అతని నోట్లో మైసూర్‌పాక్ ముక్క పెట్టింది.

"ఆరంభశూరుడన్న మాట వాపసు తీసుకుంటున్నా."

అచ్యుత్‌కు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

హిందూపురం బస్సు దొడ్డబళ్ళాపురం దాటి ఉంటుంది, అప్పటికి ఆటో దిగింది పార్వతమ్మ. పెట్టెను చూసి కళ్ళు తుడుచుకుంది. మెల్లగా వంగి అడుగుభాగం తడిమింది.

"కింద పెడలు ఏదప్పా?"

"అది ఒరిజినల్ కాదమ్మా. తీసేశాను."

"అయ్యో, తీసేస్తివా! మా ఇంటాయన వడ్రంగి ఆచారిని పిలిపించి చేయించినదప్పా అది."

"దేనికమ్మా?"

"ప్రెస్సు మిషన్లో కుడిచెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకున్న పిల్లోడు ఒకడు దినామూ వచ్చి, ఆడేవాళ్ళను చూస్తా నిలబడుకోని ఉండె. వాని కోసరమే చేయించినాడు."

అచ్యుత్ నోటిదాకా తెచ్చుకున్న ఇంకో మైసూర్‌పాక్ ముక్కను దించేశాడు.

"చేత్తో కర్ర తిప్పతా, కాలితో గుండ్లు పేలుస్తా వాడు ఆడతా ఉంటే రోడ్డు దాకా జనం నిలబడి చూస్తా ఉండ్రి," అంది పార్వతమ్మ, "మా చెన్నరాయప్పను గెలిచే మొనగాడు ఆ కాలంలో ఈ ఊర్లోనే లేకపోయెనప్పా."