నలభయ్యో ప్రశ్న

“ముందు ఆ తాడు విప్పవయ్యా!” డాక్టర్ లియాఖత్ అలీ గడపలో నిలబడే అరిచాడు.

భిక్షం విప్పలేదు. భార్య అండాలు రెండు చేతులూ కలిపి కట్టిన తాడు కొసను పిడికిట్లో ఇంకాస్త బిగించాడు. బయట జీపు హారన్ మోగింది.

“గుట్ట మీద దయ్యాలు దించేటోళ్ల కాడికి తీస్కపోతున్నం సార్. ఆడ కాళ్లకు గొలుసేసి మూడు అమాసలు ఉంచుకుంటరు. దయ్యం దిగినంకనే పంపుతరు.”

అండాలుకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. జారిపోయిన కొంగు సర్దుకోవడానికి చేతులు లేక తల వంచేసింది. గొలుసు అనే మాట వినగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

“నేను చూసినోళ్లల్ల ఇద్దరు పోయినేడు గట్లనే పోయిన్రు. మళ్ల రాలే,” అన్నాడు డాక్టర్. “నాకు అరగంట ఇయ్యి. రక్తం తీస్కుంట, నలభై ప్రశ్నలు అడుగుత. అంతే.”

“రక్తమెందుకు సార్? పిచ్చి ఉండేది తలకాయల గదా!”

“జర ఇను. రోగాలతోని కొట్లాడే బలగం మన ఒంట్లనే ఉంటది. అది ఒక్కోసారి దారితప్పి మన మెదడు మీదనే పడ్తది. అప్పుడు మనిషి పిచ్చోళ్ల లెక్కనే మాట్లాడ్తది. గట్లాంటిదైతే మందుంది. అందుకే పిచ్చి అనుకున్నోళ్ల రక్తం, అదే ఇంట్ల అదే నీళ్లు తాగే బాగున్నోళ్ల రక్తం, రెండూ పరీక్ష చేసి కంప్యూటర్ల పోల్చి చూస్తున్న.”

“కంప్యూటర్‌కు దయ్యం కనబడ్తదా?”

“కనబడదు. అందుకే దాన్ని నమ్ముకున్న.”

లోపలి నుంచి భిక్షం తల్లి ఉప్పలమ్మ నీళ్ల చెంబుతో వచ్చింది. కుంకుమబొట్టు, నున్నగా దువ్విన ముడి, ఉతికిన నేతచీర. “కూసో సారూ. ముందు నా రక్తం తీస్కో. నా కోడలు కోసం రక్తమేంది, పానమడిగినా ఇస్త.”

సూది దిగుతున్నా ఆమె రెప్ప వేయలేదు. ఇంటికొక మనిషి ఇలా ఉంటే తన పని ఎంత తేలికయ్యేదో అనుకున్నాడు డాక్టర్. ఆమె సీసా మీద ‘ఆరోగ్యవంతురాలు’ అని రాసి చీటీ అంటించాడు. తర్వాత కట్టు విప్పకుండానే, చేతిలో నరం కోసం వెతికి అండాలు రక్తం తీశాడు. ఆ చీటీ మీద ‘రోగి’ అని రాశాడు. రెండు సీసాలూ మంచుపెట్టెలో పెట్టి ప్రశ్నల కాగితం తీశాడు.

“రాత్రిళ్లు నిద్రపోతుందా?”

జవాబు ఉప్పలమ్మే చెప్పింది. అత్త కూర్చున్నచోట కోడలు నోరు తెరవడం ఆ ఇంట్లో లేదు. పైగా నెల రోజులుగా అండాలు ఏం మాట్లాడినా అది పిచ్చిలోకే జమైంది.

“నిద్రెక్కడిది సార్! నేనెప్పుడు లేసి సూసినా కండ్లు తెర్సుకొనే ఉంటది.”

“తిండి?”

“నేను కలిపి పెడితే ముద్ద ముడ్తలేదు.”

“భయపడుతుందా?”

“నన్ను సూస్తెనే గజగజ వణుకుతది. కన్నబిడ్డ లెక్క సూస్కుంటున్న సార్, ఏం పాపం చేసిన్నో!” ఉప్పలమ్మ కళ్లు ఒత్తుకుంది.

డాక్టర్ భిక్షం వైపు తిరిగాడు. “నువ్వేం చూసినవ్?”

“నేను పొద్దంత క్రషర్ కాడ రాళ్లు మోస్త సార్. ఇంట్ల ఏమైతదో అమ్మ చెప్తేనే నాకెరుక.”

ముప్పై తొమ్మిది ప్రశ్నలు అలాగే నిండాయి. ఒక్క జవాబూ మంచిది కాదు. డాక్టర్ కాగితం వెనక్కి తిప్పి మళ్లీ చూసుకున్నాడు. రోగం బాగా ముదిరినట్టే ఉంది. రక్తం నగరానికి చేరి, ఫలితం వచ్చేసరికి ఈ పిల్ల ఏ గొలుసుకు కట్టి ఉంటుందో!

హారన్ మళ్లీ మోగింది. భిక్షం లేచి తాడు లాగాడు. “ఇంక సాలు సార్. జీపు పోతది.”

“ఒక్కటే మిగిలింది. ఇది మాత్రం రోగినే అడగాలె. నేను పెట్టుకున్న నియమం.”

“అడగనియ్‌రా,” ఉప్పలమ్మ కొడుకును కసిరింది. “చదువుకున్న సారు. ఆయన ముంగట గూడ అదే మాట అంటదో లేదో సూద్దాం.”

డాక్టర్ అండాలు ముందు గొంతుక్కూర్చున్నాడు. “చెల్లే, భయపడకు. నీ నోటితోనే చెప్పు. ఎవరూ లేనప్పుడు నీకేమన్న మాటలు ఇనబడ్తయా?”

అండాలు తల ఎత్తింది. అత్తను చూసింది, మొగుడి చేతిలోని తాడును చూసింది. ఏం చెప్పినా గుట్టే గతి అని ఆ కళ్లలో తెలుస్తోంది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుంది.

“ఇనబడయి సార్. నాకెన్నడు ఏం ఇనబడలే.”

డాక్టర్ నిట్టూర్చాడు. రోగం ముదిరినవాళ్లు చాలామంది ఇలాగే కాదంటారు. కాగితం మీద ఆ మాట రాయబోయాడు.

ఉప్పలమ్మ నేల మీద చెయ్యి చరిచి, గెలిచినట్టు డాక్టర్ వైపు చూసింది. “ఇన్నవా సారూ! సచ్చిపోయిన మా అత్త గీ గోడలకెల్లి పొద్దటి సంది గంతగనం మొత్తుకుంటాంటే, దీనికి ఒక్క ముక్క ఇనబడ్తలేదంట! గిది పిచ్చి గాకపోతే ఇంకేంది?”