గొంతు కోసం ఉపవాసం

"ఈ గదిలో ఒక పాపం దాక్కుని ఉంది. దాన్ని బయటికి లాగేదాకా మీ పాస్టరుగారికి మాట రాదు!"

అతిథిగా వచ్చిన దైవజనుడు మైకులో అరిచాడు. నోటి తుంపర్లు మైకు మీద పడి మెరిశాయి. ముందు వరుసలో కూర్చున్న పాస్టరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పొద్దుటినుంచి ఉపవాసం, తలుపులన్నీ మూసేసిన ప్రార్థన గది, వందమంది చెమట. దానికి తోడు ఆయన తెచ్చిన నూనె వాసన. ఆ నూనె చేతితో ఇప్పటికి ఏడెనిమిది మంది నుదుళ్లు రుద్దాడు. రుద్దిన ప్రతిసారీ అదే చేతిరుమాలుకు తుడుచుకుని, అదే రుమాలుతో మూతి కూడా తుడుచుకుంటున్నాడు.

పక్క కుర్చీలో ఆమె భర్త తల వంచుకుని ఉన్నాడు. ఆయన గొంతు పోయి నలభై రోజులైంది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో మాట ఆగింది, అంతే. డాక్టరు గొంతులోకి గొట్టం దించి చూసి, "అంతా శుభ్రంగానే ఉందమ్మా. మాటెందుకు రావట్లేదో నాకూ అంతుపట్టట్లేదు" అన్నాడు. అప్పటినుంచి సంఘమంతా వంతులేసుకుని మోకాళ్ల మీదే ఉంది.

ఆయన గొంతంటే మామూలు గొంతా! మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినిపించేది. ఆయన ప్రసంగాల్లో అందరికీ కంఠతా వచ్చినది ఒకటుంది. దేవుడు మన ప్రార్థనలు ఎందుకు వినడు? అపనమ్మకం, పగ, దాచిన పాపం అంటూ ఒక్కో వేలూ మడిచేవాడు. ఉదాహరణకు దూరం వెళ్లేవాడు కాదు.

"మా ఇంట్లోనే చూడండి. పద్దెనిమిదేళ్లు అడిగాను, ఒక్క బిడ్డ లేదు. లోపం దేవుడిలో లేదు, నాలో లేదు. మరి ఎక్కడుందంటారు?" అని ముందు వరుస వైపు చూసేవాడు. జనం నవ్వేవారు. పాస్టరమ్మ కూడా తల వంచి నవ్వేది.

ఇప్పుడు ఆయన ఒళ్లో పలక ఉంది. ఏం కావాలన్నా దానిమీద రాస్తాడు. ఆమె వేన్నీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించడానికి ఇస్తుంది, మెడకు కాపడం పెడుతుంది. ఒక్క పూట కూడా తప్పలేదు. "ఎంత ఓపికమ్మా నీది" అని సంఘంలో ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని కళ్లు ఒత్తుకుంటున్నారు.

"ఎవరిమీదైనా అనుమానం ఉంటే లేచి చెప్పండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే!" అన్నాడు దైవజనుడు.

ఒక రిటైరైన గుమస్తా లేచి, పక్కన కూర్చున్న టైలరు చాటుగా తాగుతాడన్నాడు. టైలరు లేచి, గుమస్తా కన్నతల్లికి కూడు పెట్టడన్నాడు. నిన్నటిదాకా అన్నా తమ్ముడూ అని పిలుచుకున్నవాళ్లు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. అంతలో వెనకనుంచి ఎవరో, "మన ఆయా సంగతేంటి?" అన్నారు. అందరికీ ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఆయా ఈ గది తుడిచే మనిషి. బకెట్టు పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను రెక్క పట్టుకుని ముందుకు తెచ్చారు.

"నీ మొగుడేడమ్మా?" అడిగాడు దైవజనుడు.

"ఉన్నాడయ్యా. నేనే వేరే ఉంటున్నాను."

"ఎందుకని?"

"కొట్టేవాడయ్యా. రెండుసార్లు చెయ్యి విరగ్గొట్టాడు."

"విన్నారా! దేవుడు కలిపిన మొగుణ్ణి కాదనుకుని వచ్చింది. ఆ పాపపు చేతులతో రోజూ ఈ నేల తుడుస్తోంది!"

"నేనేం దాచలేదయ్యా. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే కదా."

"ఎదురు చెబుతోంది చూడండి. అదే ఆ దురాత్మ!" నూనె చెయ్యి ఆయా నుదుటి మీద పడింది. ఆమె వెనక్కి వాలిపోయేదాకా నొక్కాడు. నూనె కళ్లలోకి కారింది. జనం స్తోత్రం, స్తోత్రం అని చప్పట్లు కొట్టారు. గుమస్తా, టైలరు పక్కపక్కనే నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

దైవజనుడు పాస్టరు వైపు తిరిగాడు. "ఏం చేద్దామంటారు అయ్యగారూ?"

పాస్టరు పలక మీద చకచకా రాసి పైకెత్తాడు. "గెంటెయ్యండి."

ఆయా కళ్లు తుడుచుకుంటూ పాస్టరమ్మను వెతుక్కుంది. "అమ్మగారూ, పన్నెండేళ్లనుంచి నన్ను చూస్తున్నారు. మీరు చెప్పండి. అయ్యగారికి ఇలా అయింది నావల్లేనా?"

పాస్టరమ్మకు అసహ్యం గొంతుదాకా వచ్చింది. జిడ్డోడుతున్న ఆ నుదురు, ఆ చప్పట్లు, ఆ పలక మీద అక్షరాలు. వాటన్నిటికంటే, నలభై రోజులుగా అందరితో పాటు కళ్లు మూసుకుని ఆమేన్ అంటున్న తన నోరంటేనే ఆమెకు రోత పుట్టింది.

లేచి నిలబడింది. దైవజనుడి ముఖం విప్పారింది. "అమ్మగారు ప్రార్థన చేస్తారు. అందరూ కళ్లు మూసుకోండి" అని మైకు అందించాడు. ఆమె దాన్ని కొంగుతో గట్టిగా తుడిచింది.

"ఎవరూ కళ్లు మూసుకోవద్దు. ఆ మనిషిని వదలండి" అంది. "దేవుడు ప్రార్థన వినలేదని ఎవరన్నారు? విన్నాడు కాబట్టే ఇలా అయింది."

భర్త తలెత్తి చూశాడు. ఆమె ఆయన కళ్లలోకే చూస్తూ చెప్పింది.

"ఈయన నోరు పడిపోవాలని మోకరించి అడిగింది నేనే."