తొంభై తొమ్మిది

మా ఆయన పోయాక, అరవై దాటి అక్షరాలూ అంకెలూ నేర్చుకున్నాను. మెల్లగా రాస్తాను, తప్పులుంటే మన్నించండి.

బట్టల బకెట్‌తో మెట్లెక్కుతూ పడిపోయిన మా కోడల్ని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టారు. నర్సు ఆమె వేలికి ప్రాణవాయువు కొలిచే క్లిప్పు మిషన్ పెట్టింది. అంకె నేనే చదివాను.

"తొంభై తొమ్మిది! మా ఇంట్లో ఉన్న ఇలాంటి వేలి మిషనూ రోజూ ఇంతే చూపిస్తుంది. నూటికి ఒక్కటే తక్కువ, పనిదొంగ వేషాలు కట్టిపెట్టమని చెబుతూనే ఉన్నాను."

నర్సు రక్తపరీక్ష కాగితం చూసింది.

"పెద్దమ్మా, ప్రాణవాయువుని ఒళ్లంతా మోసేవి రక్తంలోని ఎర్రకణాలు. ఉన్న కణాలు నిండుగా మోస్తున్నాయా అన్నదే ఈ మిషన్ చెబుతుంది. ఎన్ని ఉన్నాయో చెప్పదు. పదిమంది కూలీలు మొయ్యాల్సిన బరువు ఈమె ఒంట్లో నలుగురే మోస్తున్నారు."

వేలి మీది అంకె మళ్లీ చదివాను. తొంభై తొమ్మిదే.

"ఆయాసం ఎన్నాళ్లుగా?" నర్సు కలం తీసింది.

"నిన్నటి నుంచే" అంది కోడలు, నా వైపు చూడకుండా.

"కాదమ్మా, ఏడాదైంది" అన్నాను నేను. "నాతో చెబుతూనే ఉంది. అలాగే రాయండి."

ఇట్లు,
టైలరమ్మ, అరవై నాలుగేళ్లు,
ఇప్పటికీ ఆ కోడలి దగ్గరే ఉంటున్నాను.