టచ్ అనే మాట

“అమ్మా, ముట్టుకోకు! ముందు చేతులు కడుక్కో.”

గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే దీప్తి కేక. ఉయ్యాలవైపు చాచిన చేతుల్ని రమణమ్మ వెనక్కి లాక్కుంది.

“కడుక్కునే వచ్చానే. సబ్బుతో మూడుసార్లు రుద్దాను. పని మానేసి కూడా పది రోజులైంది.”

“అయినా మళ్ళీ కడుక్కో. కారం అంత తొందరగా పోదు. నాకు తెలీదా?”

తెలుసు. దీప్తికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. రమణమ్మ పాతికేళ్ళుగా గుంటూరు శివార్లలోని మిరపకాయల కల్లాల్లో తొడిమలు తీసే కూలి. సాయంత్రం ఇంటికొచ్చి బిడ్డ చెంప నిమిరితే చాలు, చెంప కందిపోయేది, బిడ్డ గుక్కపెట్టి ఏడ్చేది. అందుకని ఎంత ముద్దొచ్చినా మోచేతుల మధ్య ఇరికించుకోవడమే. దీప్తికి జడలు వేసింది పక్కింటి కరీమున్. అన్నం కలిపి నోట్లో పెట్టిందీ ఆమే.

దీప్తి అట్లాగే పెరిగింది. చదువుకుంది. గుంటూరు బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు చెప్పే స్థాయికి వచ్చింది. పెళ్ళయి, ఇప్పుడు మూడు నెలల పాప.

మనవరాలినైనా చేతులారా ఎత్తుకోవాలని రమణమ్మ ఆశ. పని మానేస్తానంటే మేస్త్రి కోటిలింగం లబలబలాడాడు. “నీ చేతులంటే మిరపకాయకే భయం. మిగతావాళ్ళు పొద్దు వాలేసరికి మంటో మంటో అని గోల పెడతారు. నువ్వొక్కదానివుంటే నాకు ఇద్దరున్నట్టు. సరే వెళ్ళు, టచ్‌లో ఉండు మరి!”

ఆ మెప్పు ఆమెకి దారిపొడుగునా తియ్యగానే ఉంది. పాతికేళ్ళ చాకిరీకి రాటుదేలిన చేతులు మరి. రెండేళ్ళుగా ఆమె మంట అన్న మాటే అన్లేదు.

ఆ మధ్యాహ్నం పాపని పడుకోబెట్టి, దీప్తి ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టింది. చిత్రంగా, పాఠం మేస్త్రి అన్న ఆ ‘టచ్’ మాట మీదే. టచ్ అంటే ముట్టుకోవడం. టచ్‌లో ఉండటమంటే మాటా పలుకూ తెగిపోకుండా ఉండటం. టచింగ్‌గా ఉందంటే మనసు కరిగిందని. టచప్ అంటే పెళ్ళికూతురి మొహానికి చివర్లో అద్దే పౌడరు.

క్లాసయ్యాక రమణమ్మ నవ్వింది. “ఒక్క మాటతోనే అన్నీ సరిపెట్టుకుంటారేమే వాళ్ళు? మనకైతే ఎండ తగులుద్ది, మసి అంటుద్ది, ఉత్తరం ముడుద్ది. దేని మాట దానిదే.”

“మాటలకేం లోటు లేదులే. నువ్వు నన్నెప్పుడు ముట్టుకున్నావు గనక?”

దీప్తి నవ్వుతూనే అంది. అయినా తాకాల్సిన చోట తాకింది.

మర్నాడు పొద్దున పాప స్నానానికి నీళ్ళు కాచి, టబ్బులో పోసి, రమణమ్మే చన్నీళ్ళు కలిపింది. చెయ్యి ముంచి అటూ ఇటూ తిప్పింది. “సరిపోయినయ్, తీసుకురా” అని కేకేసింది.

దీప్తి పాపని తెచ్చింది. దింపబోయేముందు అలవాటు కొద్దీ మోచెయ్యి ముంచి, కెవ్వుమంది. పాపని గుండెకి అదుముకుని వెనక్కి దూకింది.

“ఇట్లా కాలిపోతుంటే సరిపోయాయంటావేంటి? చంపేద్దామనుకున్నావా దీన్ని?”

“చన్నీళ్ళు పోశానే…”

“పోశావా, పోశాననుకున్నావా? నిన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయావు. ఇవాళ ఇది. మతి పోతోందమ్మా నీకు. ఇంక నేను చెప్పేదాకా పాపని ముట్టుకోవద్దు.”

రమణమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సంచీ సర్దుకుంది. దీప్తి ఆ సంచీ లాక్కుని పక్కన పడేసి, పాపని ఎదురింటావిడ చేతికిచ్చి, ఆటో పిలిచింది. డాక్టరుకి చూపించాలంది.

ఆటోలో రమణమ్మ మొహం రోడ్డువైపు తిప్పుకుని కూర్చుంది. బిడ్డ ఒళ్ళు మండుతుందని పాతికేళ్ళు తనే దూరంగా ఉంది. ఇప్పుడు పిచ్చిదని ముద్రేసి ఆ బిడ్డే దూరం పెడుతోంది.

డాక్టరు కుర్రవాడే. ఇవాళ ఏ వారం, ఏ నెల, ఏం తిన్నారు, ఇంటికి ఏ దారిన వెళ్ళాలి అని అడిగాడు. రమణమ్మ అన్నిటికీ టకటకా చెప్పింది. అడక్కపోయినా దీప్తి ఏ వారం, ఏ వేళ పుట్టిందో కూడా చెప్పింది.

“మతికేం లేదండీ. నాకన్నా మీ అమ్మగారికే బాగుంది.”

రమణమ్మ కూతురి వంక చూసింది. దీప్తి తల దించుకుంది.

డాక్టరు మాత్రం వాళ్ళని అంతటితో పంపెయ్యలేదు. “మీరేం పని చేస్తారమ్మా?” అన్నాడు. చెప్పింది. ఆమె చేతుల్ని కాసేపు చూశాడు.

“చేతులు రెండూ బల్ల మీద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకోండి. నేను ముట్టుకున్నప్పుడల్లా ‘ఆఁ’ అనాలి.”

ఇదీ మతికి పెట్టిన పరీక్షే అనుకుంది రమణమ్మ. ఒక్కటి కూడా తప్పకూడదనుకుంది. చేతులు చాపి, కళ్ళు బిగించి కూర్చుంది.

పైన ఫ్యాను కిర్రుమంటోంది. బయట ఎవరో దగ్గుతున్నారు. పక్కన దీప్తి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోంది. అనాల్సినవన్నీ అని ఇప్పుడు బాధపడుతోంది కాబోలు. పడనీ, అనుకుంది రమణమ్మ.

ఎంతసేపటికీ డాక్టరు ఉలకడు, పలకడు.

“మొదలుపెట్టండి బాబూ, నేను సిద్ధంగానే ఉన్నా.”

“అయిపోయిందమ్మా,” అన్నాడు డాక్టరు మెల్లగా, “రెండు చేతులూ కలిపి పన్నెండు చోట్ల ముట్టుకున్నాను.”